పాలుపోసుకున్న పచ్చ

రంగుల షాపులో చేరి పన్నెండేళ్ళు దాటింది. జగదాంబ జంక్షన్ నుంచి పాతపోస్టాఫీసు వైపు వెళ్ళే దారిలో ఉంటుంది మా షాపు. పొద్దున్నే పద్మనాభం దగ్గర మా ఊళ్ళో బస్సెక్కి, ఆనందపురం, హనుమంతవాక మీదుగా వచ్చి షట్టరు తీస్తాను. సాయంత్రం అదే దారిన వెనక్కి. నా పని రంగులు కలిపే మెషీను దగ్గర. కస్టమరు షేడ్ కార్డులో ఒక రంగు మీద వేలు పెడతాడు. నేను దాని నంబరు కంప్యూటర్లో కొడతాను. తెల్ల పెయింటు డబ్బాలోకి మెషీను చుక్కచుక్కగా రంగులు వదులుతుంది. మూత బిగించి షేకర్లో పెడితే రెండు నిమిషాలు దడదడలాడి ఆగుతుంది. అంతే పని. ఎన్ని వేల డబ్బాలు కలిపి ఉంటానో గాని, ఆవిడ మా షాపుకు వచ్చేదాకా ఒక్క రంగునైనా సరిగ్గా చూశానని చెప్పలేను.

ఆవిడకు యాభై దాటి ఉంటాయి. పొట్టిగా కత్తిరించుకున్న నెరిసిన జుట్టు, నలిగిన నూలు కుర్తా, భుజానికి గుడ్డ సంచి. రుషికొండ అవతల అద్దె ఇంట్లో ఉంటూ బొమ్మలు వేస్తానని తరువాత చెప్పారు. ఆ రోజు మాత్రం సంచిలోంచి పాత పేపర్లో చుట్టిన చెక్కముక్క ఒకటి తీసి కౌంటరు మీద పెట్టారు. అరచెయ్యంత ఉంది. ఇంకా చేపల వాసన వేస్తోంది.

"ఇందులో రంగులు కావాలి," అన్నారు.

"ఏ రంగు మేడం?"

"అన్నీ."

చెక్కను పక్కకు తిప్పి చూపించారు. జాలరిపేట ఒడ్డున విప్పేసిన పాత పడవలోదట. ఆ పడవకు కొన్నేళ్ళకోసారి పాత రంగు మీదే కొత్త రంగు వేసుకుంటూ పోయారు. అంచున పెచ్చు లేచినచోట ఆ పూతలన్నీ ఉల్లిపొరల్లా ఒకదాని కింద ఒకటి కనిపిస్తున్నాయి. నీలం, దాని కింద ఎరుపు, దాని కింద ఇంకో నీలం, పసుపు, ఆకుపచ్చ, మళ్ళీ నీలం.

రంగును చదివే చిన్న యంత్రం మా దగ్గర ఉంది, కానీ దానికి కనీసం రూపాయి బిళ్ళంత చోటు కావాలి. ఈ పొరలేమో దారమంత సన్నం. కంటితో చూసి కలపడం తప్ప దారి లేదు. మొదటి నీలానికి దగ్గరగా ఉన్న నంబరు ఒకటి వెతికి, కలిపి, కార్డు మీద పూసి, ఫ్యాను కింద ఆరబెట్టి ఇచ్చాను. ఆవిడ చెక్కనీ కార్డునీ పట్టుకుని షాపు బయట ఎండలో నిలబడి చూశారు.

"దగ్గరగానే ఉంది," అన్నారు లోపలికి వచ్చి. "కానీ ఇది కొత్త నీలం. ఆ నీలం ఉప్పునీళ్ళలో తిరిగొచ్చింది కదా."

ఉప్పునీళ్ళకు మెషీన్లో నంబరు లేదు. ఒక చుక్క నలుపు వేశాను. మురికిగా తేలింది. మట్టిరంగు వేశాను. కొంచెం దారికొచ్చింది. ఇలా నీలం ఒక్కటే నాలుగు రోజులు పట్టింది. మా ఓనరు నా వెనక నిలబడి, "ఒక్క లీటరుకి షాపంతా తిప్పేస్తోందిరా ఆవిడ," అని గొణిగాడు. నాకూ మొదట చిరాగ్గానే ఉండేది. తరవాత తరవాత ఆవిడ రాని రోజున నేనే, మా దగ్గర వదిలివెళ్ళిన ఆ చెక్క బయటికి తీసి వెలుతురులో పెట్టుకునేవాణ్ణి. మూడోవారంలో ఆఖరి పొర కుదిరింది. ఆవిడ ఎండలోకి వెళ్ళి చాలాసేపు చూసుకుని, వెనక్కి వచ్చి, రంగంటిన నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేశారు. షాపుకొచ్చిన కస్టమర్లెవరూ అంతకుముందు నాతో చెయ్యి కలపలేదు.

రెండు నెలలకు బీచ్ రోడ్డులో ఒక హాల్లో తన బొమ్మలు పెడుతున్నానని, ఆదివారం తప్పకుండా రమ్మని పిలిచారు. ఒక్కణ్ణే వెళ్ళడానికి మొహమాటమేసి బావని వెంటేసుకెళ్ళాను. బావంటే చుట్టరికం కాదు. మా షాపుకు రోజూ వచ్చే పెయింటరు. నేను అతన్ని బావా అంటాను, అతను నన్నూ బావా అంటాడు. నగరంలో సగం మెట్లదారులూ వరండాలూ అతని చేతి మీదుగా రంగు వేయించుకున్నవే.

ఏసీ హాలు. నున్నటి గచ్చు. గోడలకు మనిషెత్తు గుడ్డలు బిగించి ఉన్నాయి. వాటి మీద పడవ లేదు, సముద్రం లేదు, మనిషి లేడు. అడ్డంగా రంగు పట్టీలు. నీలం, ఎరుపు, నీలం, పసుపు. అంతే.

బావ నా చెవిలో అడిగాడు. "బొమ్మలేవి బావా?"

"ఇవే అనుకుంటాను."

"ఇయ్యేటి! షేడ్ కార్డు పెద్దది సేసీసి ఏలాడదీసినారు."

నవ్వొచ్చింది గాని, లోపల నాకూ అదే అనిపించింది. పడవలు వేస్తారనుకున్నాను. ఒడ్డున వలలు బాగుచేసుకునే మనుషుల్ని వేస్తారనుకున్నాను. మూడు వారాలు కళ్ళు పొడుచుకుని నేను కలిపింది ఈ పట్టీల కోసమా అని మనసు చిన్నబోయింది. వచ్చినవాళ్ళు కూడా ఒక్కో గుడ్డ ముందు కాసేపు ఆగి, తలాడించి ముందుకు పోతున్నారు.

అప్పుడు గుమ్మం దగ్గర అలికిడైంది. చేపలమ్మే ఒకామె, ఖాళీ గంప గుమ్మం బయట బోర్లించి, చీరచెంగుతో కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చింది. ఆ చెక్కముక్క వాళ్ళ పడవదే. మా మేడం ఎదురెళ్ళి ఆమెను తీసుకొచ్చి అన్నిటికంటే పెద్ద గుడ్డ ముందు నిలబెట్టారు. ఆమె కిందనుంచి పైదాకా చూసింది. అడుగున ఉన్న నీలం మీద అరచెయ్యి ఆనించింది. కాపలా అతను ముందుకు రాబోతే మేడం వద్దని సైగ చేశారు.

"ఇది మా ఇంటాయన ఏసిన నీలమే," అంది ఆమె. "పడవ కొత్తగా దింపినప్పుడు. ఈ పచ్చ మా పెద్దగుంట పుట్టిన ఏడు. దీని మీద ఈ పసుపున్నాది సూసినావా అమ్మా? తుపానొచ్చి ఎల్లిపోనాక ఎక్కడా రంగు దొరకలేదు. ఇంటి గుమ్మానికి తెచ్చుకున్నది మిగిల్తే అదే పూసీసినాం. ఒడ్డుమీదోళ్ళందరూ ఎంత నవ్వినారనుకున్నావు! పెళ్ళికూతురు పడవ, పెళ్ళికూతురు పడవ అని."

చెప్తూ చెప్తూ ఆమే నవ్వింది. నవ్వుతూ పై పట్టీల దగ్గరికొచ్చి ఆగిపోయింది. "ఈ ఎరుపు మా ఆయన ఉండగా ఏసిన ఆకరుది. మీదనున్న నీలం మా గుంటడు ఏసినాడు," అంది మెల్లగా.

నేను మళ్ళీ మొదటి గుడ్డ దగ్గరికి వెళ్ళి మొదలుపెట్టి చూశాను. ఇప్పుడవి పట్టీల్లా లేవు. ఒక్కోటి ఒక్కో ఏడాది. అందులో వాన, పెళ్ళి, పురుడు, పోయిన మనిషి అన్నీ ఉన్నాయి. బావ మాత్రం గుడ్డకు ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి అంచులు పరిశీలించాడు.

"అంచులు తిన్నగా రాడానికి టేపు బాగానే లాగినారు మేడం. ఈ మూల రెండో కోటు సాల్లేదు," అన్నాడు గట్టిగా.

నేను భూమిలోకి కుంగిపోయాను. ఆవిడ వచ్చి, వంగి, ఆ మూల చూసి, హాలు మారుమోగేలా నవ్వారు. "నిజమే. ఇంతమంది వచ్చారు, ఒక్కరూ పట్టుకోలేదు!"

ఆ సాయంత్రం బస్సు ఆనందపురం దాటాక రోడ్డు పక్కన వరి నారు పోసిన ఆకుమళ్ళు కనపడ్డాయి. తొలివానలకు చల్లిన విత్తనం మొలిచి జానెడెత్తు లేచింది. పుట్టినప్పటినుంచీ చూస్తున్నవే. ఎవరైనా అడిగితే పచ్చగా ఉంటాయనేవాణ్ణి. ఆ పూట కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూ, దీన్ని కలపాలంటే ఏ డబ్బాలో ఏది ఎన్ని చుక్కలు వెయ్యాలి అని లెక్క వేసుకుంటూ కూచున్నాను. నా స్టాపు దాటి తరవాతి ఊరిదాకా వెళ్ళిపోయి, నడిచి వెనక్కొచ్చాను.

మా ఇంటి ముందు గోడ ఒకటి అంతకుముందు ఏడాది వానలకు కూలిపోతే కొత్తగా కట్టి, సిమెంటు పూసి వదిలేశాం. రంగు వెయ్యమని అమ్మ అడుగుతూనే ఉంది. "రంగుల కొట్లో పని సేత్తన్నావు. మన గోడ సూడు, బూడిద పూసుకున్న సన్నాసిలాగున్నాది," అనేది. నాన్న పోయాక మా కొద్దిపాటి పొలం ఆవిడే చూసుకుంటుంది. మోకాళ్ళు నొప్పులంటూనే గట్ల మీద నాకంటే చురుగ్గా నడుస్తుంది.

ఆ రాత్రి అన్నం తింటూ చెప్పాను. గోడ మీద పట్టీలు వేద్దాం. ఆకుమడి నుంచి కోతదాకా మన పొలంలో వరి ఏ రంగుల్లో ఉంటుందో ఆ రంగులు.

"గోడకి వరి రంగేటిరా? గేదొచ్చి నాకీగల్దు," అంది అమ్మ.

అయినా నేను ఊరుకోలేదు. ఆకుమడికని ఒక పచ్చ కలిపి, చిన్న కార్డుకి పూసి, సాయంత్రం తెచ్చి అమ్మకి చూపించాను. ఆవిడ దీపం కింద పెట్టి చూసి, "ఇది పిలాస్టిక్కు బిందె పచ్చ," అని పక్కన పడేసింది. మర్నాడు ఇంకోటి తెచ్చాను. "ఇది సిలక." ఆ మర్నాడు తెచ్చినది నాచట. నాలుగో రోజు నాకు రోషం వచ్చింది. "అయితే ఎలాగుంటాదో నువ్వే చెప్పు," అన్నాను.

"నోటితో సెప్తే రంగొచ్చీత్తాదేటి? పొద్దున్న మంచున్నప్పుడు రా. ఎండెక్కితే అన్నీ ఒకలాగే ఉంటాయి."

అలా మొదలైంది. బస్సు వేళకు ముందే లేచి అమ్మ వెనక పొలానికి వెళ్ళేవాణ్ణి. చేతిలో అరడజను కార్డులు. ఆవిడ ఒక ఆకు తెంపి కార్డు మీద పెట్టి, కళ్ళు చికిలించి, కాదనేది. మళ్ళీ షాపులో కలపడం, మళ్ళీ తెల్లవారి గట్టు మీద నిలబడడం. ఆకుమడి పచ్చ పదకొండోసారికి ఒప్పుకుంది. ఒప్పుకున్న కార్డుని తీసుకెళ్ళి ఇనప్పెట్టెలో తన చీరల మధ్య దాచింది. అప్పటికి తెలిసింది నాకు, అమ్మకి కూడా ఇది పట్టుకుందని.

ఉభాలు, అంటే వరినాట్లు, అయ్యాయి. ఆకు తీసి మడిలో నాటిన తరువాత నాలుగు రోజులు వరి పాలిపోయి, నీరసంగా పడుకుని ఉంటుంది. ఆ రంగు నేను లెక్కలోనే వేసుకోలేదు. అమ్మే గుర్తుచేసింది. "పుట్టింటి నుంచి ఒచ్చిన పిల్ల నాలుగురోజులు మొహం వాడేసుకోదేటి? అదీ ఉండాల." తరువాత దుబ్బు కట్టిన ముదురుపచ్చ. పొట్టకొచ్చినప్పటి పచ్చ, కొంచెం నీలం తిరిగినట్టుండేది. ఇన్నేళ్ళూ ఆ నీలం నేను చూడనే లేదు. అమ్మ ఆకుని వెలుతురుకు అడ్డంపెట్టి చూపిస్తే కనపడింది.

చిక్కంతా వెన్ను బయటపడి, గింజ పాలుపోసుకునేటప్పుడు వచ్చింది. అప్పుడు చేను పచ్చా కాదు, పసుపూ కాదు. పచ్చ వేస్తే పచ్చి, పసుపు కలిపితే పండు. ఎనిమిది రోజులు కలిపాను. అమ్మ ఎనిమిదిసార్లు తల అడ్డంగా ఊపింది. "ఇంక నాలుగు రోజులైతే గింజ ముదిరిపోతాదిరా," అని తొందర ఒకటి. తొమ్మిదోరోజు పొద్దున్న నేను బస్సెక్కేసరికి అమ్మ కూడా ఎక్కి కూచుంది. తడిగుడ్డలో చుట్టిన వెన్నులు ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వెక్కడికే?"

"నీ కొట్టుకే. నాను సూసుకుంటాను."

నేను పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న షాపుకు మా అమ్మ రావడం అదే మొదటిసారి. ఓనరు లేచి నిలబడి కుర్చీ ఇచ్చాడు. అమ్మ అందులో కూచోకుండా మెషీను పక్కన ఒక డ్రమ్ము మీద కూచుంది. చుక్కలు పడుతుంటే వింతగా చూసి, "ఇదేనేటి నువ్వు సేసే పని? కాఫీ కొట్లో మెసీన్లాగున్నాది," అంది. ఓనరు నవ్వు ఆపుకోలేకపోయాడు.

కలిపాను. వెన్ను పక్కన పెట్టి చూసింది. "ఎలిగిపోతన్నాది. తగ్గించు."

తెలుపు తగ్గించి ఇంకో డబ్బా కలిపాను. "ఇంకా ఎలుగు." ఈసారి నేను అలిసిపోయి చేతులు దించేశాను. అమ్మ వెన్నుని అటూ ఇటూ తిప్పి చూసి, "నలుపేద్దుమా ఒక సుక్క?" అంది.

"వరిలో నలుపెక్కడిదే?"

"బురద సెయ్యి కడిగిన నీళ్ళలాగుంటాది సేను ఆ ఏళకి. ఒక్క సుక్కేసి సూడు."

సీసా వంచి ఒకే ఒక్క చుక్క వేసి కలిపి, పూసి, ఆరబెట్టాను. రంగు ఒక్కసారిగా వెనక్కి తగ్గి నెమ్మదించింది. అమ్మ వెన్నుని కార్డు మీద పెట్టింది. ఒక్క క్షణం ఏది వెన్నో ఏది కార్డో తేడా తెలియలేదు. ఓనరు కౌంటరు దిగి వచ్చి చూశాడు. "అమ్మా, నువ్వు రేపటి నుంచి పనిలోకి వచ్చెయ్," అన్నాడు. అన్ని రోజులు వృథా అయిన పెయింటు గురించి గొణిగినవాడు, తప్పుగా కలిపి వెనక్కి వచ్చిన డబ్బాలన్నీ గోడకు మొదటి పూతగా వాడుకోమని తనే చెప్పాడు.

చేను పండి కోతకొచ్చేదాకా మిగతా రంగులూ అలాగే ఒకటొకటిగా పట్టుకున్నాం. కోతలయ్యాక ఒక ఆదివారం బావ తన బ్రష్షులూ రోలర్లూ నిచ్చెనా వేసుకుని ఆటోలో దిగాడు. గోడ మీద నేను స్కేలు పెట్టి తొమ్మిది పట్టీలు సమానంగా గీశాను. అమ్మ వాకిట్లో నిలబడి చూసి, "ఆకుమడి నెల్లాళ్ళుంటాది. వాడిపోయినది నాలుగురోజులు. రెండిటికీ ఒకే ఎడల్పేటి?" అంది.

బావ నన్ను చూశాడు. "అత్త సెప్పింది కరక్టే బావా. సెరిపీ."

అన్నీ చెరిపేసి, ఏ రంగు ఎన్ని రోజులుంటుందో అమ్మ వేళ్ళ మీద లెక్కపెడుతుంటే మళ్ళీ గీశాను. నేను గీసినప్పుడు చక్కగా ఉన్న గోడ, అమ్మ గీయించినప్పుడు ఊపిరి తీసుకుంటున్నట్టయింది. వెడల్పుగా, సన్నగా, వెడల్పుగా, మళ్ళీ సన్నగా. సాయంత్రానికి అయిపోయింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. పక్కింటాయన ఆ పచ్చనీ పసుపునీ మార్చి మార్చి చూసి, "ఏటి, ఏదైనా పార్టీలో సేరిపోనారేటి?" అని అడిగాడు. అమ్మ వెంటనే, "వరి పార్టీ," అంది.

ఫొటో తీసి మేడంకి పంపాను. ఆవిడ జవాబు పంపలేదు. నాలుగు రోజుల తరువాత నేరుగా బస్సు దిగి ఇంటికే వచ్చారు. రోడ్డుకు అవతల నిలబడి చాలాసేపు గోడనే చూశారు. నాకు పరీక్ష పేపరు దిద్దడానికిచ్చి మాస్టారి ఎదురుగా కూచున్నట్టుంది. చివరికి ఆవిడ దాటి వచ్చి, నన్ను కాదు, అమ్మని అడిగారు, ఆ రంగులెలా పట్టుకున్నారని. అమ్మ కార్డులన్నీ తెచ్చి మంచం మీద పరిచింది. ఆవిడ ఒక్కో కార్డూ రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని ఎత్తి చూశారు.

"ఇవి నాకు కొన్నాళ్ళు ఇస్తారా? చూసి ఇచ్చేస్తాను."

"ఇవ్వనమ్మా," అంది అమ్మ నిర్మొహమాటంగా. "వచ్చే ఏడు రా. సేలోకి దిగు. నీయి నువ్వు కలుపుకో."

ఆవిడ నొచ్చుకుంటారేమో అనుకున్నాను. నొచ్చుకోలేదు. తప్పకుండా వస్తానన్నారు. మాటవరసకు అన్నారులే అనుకున్నాం.

నేను అప్పుడూ ఇప్పుడూ షాపులోనే ఉన్నాను. బొమ్మలు వేసేవాణ్ణి అయిపోలేదు. కాకపోతే కస్టమర్లు షేడ్ కార్డులో వేలు పెట్టడం మానేసి వస్తువులు తేవడం మొదలుపెట్టారు. ఒకాయన తన స్కూటరు సీటు తెచ్చాడు. ఒక పెద్దావిడ మునక్కాయ తెచ్చి, వంటింటి గోడకు లోపలి రంగు కావాలా బయటి రంగు కావాలా తేల్చుకోలేక అరగంట కూచుంది. అలాంటి రోజుల్లో షాపుకు వెళ్ళడం నాకు ఇష్టంగా ఉంటుంది.

మరుసటి ఏడు ఉభాల వేళకు మేడం నిజంగానే వచ్చారు. ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని మడిలోకి దిగారు. మొదటి అడుగుకే కాలు కూరుకుపోయి కూలబడబోతే అమ్మ జబ్బ పట్టుకుని ఆపింది. చేతిలో ఆకుకట్ట పెట్టి, ఎంత దూరంలో గుచ్చాలో, వేళ్ళు ఎంత లోతుకు దించాలో చూపించింది. ఆవిడ రెండు వరసలు నాటారు. మధ్యాహ్నం గట్టు మీద కూచుని అమ్మ కలిపిన గంజన్నం, ఉల్లిపాయ తిన్నారు. తన సంచిలో తెచ్చుకున్న రంగు గొట్టాలు తీసి, బురద చేతులతోనే కార్డుల మీద పూసుకుంటూ, అమ్మకి చూపిస్తూ, అమ్మ కాదంటే నవ్వుతూ సాయంత్రం బస్సుదాకా ఉన్నారు.

ఆవిడని బస్సెక్కించి వెనక్కి వచ్చేసరికి అమ్మ ఇంకా మడిలోనే ఉంది. వంగుని ఆ రెండు వరసలూ పీకి మళ్ళీ నాటుతోంది. నాటినవి నాటినట్టే తేలిపోయాయట నీళ్ళ మీద.

నన్ను చూసి నడుం నిలబెట్టి, "ఆవిడికి సెప్పీకు," అంది. మళ్ళీ వంగింది.